పంక్తిలో ఎవరి పక్కన ఎవరు

నా ఉద్యోగంలో మొదటి పెద్ద పని ఒక పెళ్లి భోజనాల పంక్తిని కంప్యూటర్లో దాచడం. నవ్వకండి. ఇరవై ఆరుగురు మనుషులు, ఇరవై ఆరు విస్తళ్లు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరి విస్తట్లో ఏం మిగిలింది, ఎవరి కొంగు ఏ భుజం మీద ఉంది, ఎవరి చేతికి ఎన్ని గాజులున్నాయి, అన్నీ దాచాలి. మళ్లీ అడిగిన రోజున ఉన్నవి ఉన్నట్టుగా తీసి ఇవ్వాలి. దాచడం వరకు నేను బ్రహ్మాండంగానే చేశాను.

తొంభైల నడిమి మాట ఇది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి వెంగళరావు నగర్లో స్థిరపడ్డాం. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, జూబ్లీహిల్స్‌లో ఒకాయన తన మేడ మీద రెండు గదుల్లో పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగి నడవాలి. అప్పటి జూబ్లీహిల్స్‌లో ఇళ్ల కంటే బండరాళ్లు ఎక్కువ. కొందరు రాయిని పగలగొట్టలేక కాంపౌండు లోపలే వదిలేసి చుట్టూ గోడ కట్టుకునేవారు. ఆ ఎండలో, ఆ ఎత్తుపల్లాల మీద, చేతిలో టిఫిన్ డబ్బా, సంచిలో ఇటుకంత సి ప్లస్ ప్లస్ పుస్తకం పెట్టుకుని నడుస్తుంటే నా అంతటిది లేదనిపించేది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గూ వేస్తుంది, ముచ్చటా వేస్తుంది.

ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాతగారికి కంప్యూటర్ మీద మోజు పుట్టింది. ఎవరో చెప్పారట, ఇక మీదట అన్నీ అందులోనే అని. ఆయన ఆఫీసులో ఒక గదికి ఏసీ పెట్టించి, మిషన్‌కి పసుపు కుంకుమ బొట్లు పెట్టించి, పైన నిమ్మకాయ కట్టించి, మా బాస్‌ని పిలిచి, "మా షూటింగ్ కంటిన్యుటీ అంతా ఇందులో ఎక్కించండి" అన్నారు. మా బాస్ నన్ను చూపించారు. నేను తలూపాను. కంటిన్యుటీ అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

అది నాకు నేర్పినాయన ఆ సినిమాకి కో-డైరెక్టర్. యాభై దాటిన మనిషి. మద్రాసు నుంచి పరిశ్రమతో పాటు వచ్చేసి, కృష్ణానగర్‌లో ఒక ఇరుకు సందులో రెండు గదుల్లో ఉండేవారు. ఇరవై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే: ఇవాళ ఆపిన సీను రేపో, నెల తర్వాతో మళ్లీ మొదలుపెడితే, మధ్యలో ఏ ఖాళీ లేనట్టు కనపడేలా చూడడం. హీరో చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయి, గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, తలలో పూలు ఏ పక్కకి వాలాయి, అన్నీ పొడుగు నోటుపుస్తకాల్లో రాసేవారు. బొమ్మలూ వేసేవారు. ఆయన వేసిన విస్తరి బొమ్మలో పప్పు ఎక్కడుందో, కూర ఎక్కడుందో, ముద్ద ఎంత కలిపారో చూసి చెప్పేయొచ్చు. ఆ ఇరవై ఏళ్లలో ఆయన తప్పు వల్ల ఒక్క షాటు మళ్లీ తీయలేదని యూనిట్లో అందరూ చెప్పేవారు. ఆయన మాత్రం చెప్పుకునేవారు కాదు, ఎవరైనా అంటే మటుకు వినిపించనట్టు నటిస్తూ పూర్తిగా వినేవారు.

"అమ్మాయ్, ఈ పెట్టెలో దాచితే మళ్లీ వస్తుందా?" అని మొదటి రోజే అడిగారు.

"మీ పుస్తకం కంటే శుభ్రంగా వస్తుందండీ," అన్నాను. ఎంత ధీమా!

పెళ్లి భోజనాల సీను మూడు రోజులు తీశారు. జూబ్లీహిల్స్‌లోనే ఒక పెద్ద బంగళా పెరట్లో షామియానా వేసి, కృష్ణానగర్ నుంచి జూనియర్ ఆర్టిస్టుల్ని వ్యాన్లలో తెచ్చి నేల మీద వరసగా కూర్చోబెట్టారు. పంక్తి నడుమ పెళ్లికూతురి తండ్రి. ముద్ద నోటి దగ్గర ఉండగా ఎవరో వచ్చి చెవిలో ఏదో చెబుతారు, ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోతుంది, పంక్తి పంక్తంతా తినడం ఆపి ఆయన వంక చూస్తుంది. అదీ సీను.

సాయంత్రం షూటింగ్ ముగియగానే కో-డైరెక్టర్ గారు ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి వచ్చి, నా కుర్చీ వెనకాల నిలబడి, కళ్లు మూసుకుని చెప్పేవారు. "ఎడమ నుంచి నాలుగో ఆవిడ. ఆకుపచ్చ చీర. కుడి చేతికి ఆరు గాజులు, ఎడమ చేతికి అయిదు, ఒకటి పొద్దున పగిలింది. విస్తట్లో గారె ముట్టుకోలేదు. పప్పు సగం." నేను తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టుకుంటూ పోయేదాన్ని. అంతకు ముందు వారమే నిర్మాతగారు, "రెండు చోట్ల రాయడం ఎందుకయ్యా, ఇక పుస్తకాలు మూసెయ్" అని ఆయనకి చెప్పేశారు. ఆయన మూసేశారు. ప్రింటర్ తర్వాత కొందామన్నారు.

నా ప్రోగ్రాంలో పంక్తిలోని ఒక్కో మనిషీ ఒక్కో ఆబ్జెక్ట్. ఆబ్జెక్ట్ అంటే ఏమీ లేదు, ఒక మనిషికి సంబంధించిన సంగతులన్నీ ఒకచోట కట్టిన మూట. ప్రతి మూటలోనూ పక్కన కూర్చున్నవారి ఆచూకీ ఒకటి పెట్టాను. మొదటి మనిషిని పట్టుకుంటే ఆమె రెండో మనిషిని చూపిస్తుంది, రెండో ఆమె మూడో అతన్ని. అలా చివరి దాకా పోవచ్చు. నాకు అది ఎంత అందంగా కనిపించిందంటే, ఇంటికెళ్లి అమ్మకి కూడా చెప్పాను. అమ్మ విని, "విస్తళ్లు ఎవరు ఎత్తారే?" అంది.

రెండో రోజు సాయంత్రం వాన. కో-డైరెక్టర్ గారు తడుస్తూ, మర్చిపోతానేమో అన్న కంగారులో చెప్పులతోనే ఏసీ గదిలోకి వచ్చేశారు. ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రాకూడదు. గుడి ముందు లాగే తలుపు ముందు చెప్పుల వరస ఉండేది. దుమ్ము పడుతుందని పెట్టిన నియమం, అంతే. నాకు చిలిపితనం ఎక్కువ. "చెప్పులతో వస్తే వైరస్ ఎక్కుతుందండీ, తెలియదా?" అన్నాను. పాపం, ఆయన ఎగిరి బయటికి గెంతారు. చెప్పులు విడిచి వచ్చి, తన భుజం మీది తువ్వాలు తీసి వంగి నేలంతా తుడిచారు. నాకు నవ్వాగలేదు. హాస్యానికి అన్నానని చెప్పాల్సింది. చెప్పలేదు, తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

మూడో రోజు మొదటి సగం సీను అయింది. నాలుగో రోజు వేరే చోట ఫైటు తీస్తుంటే హీరో కాలు విరిగింది. షూటింగ్ ఆగిపోయింది. అయిదు నెలలు.

మళ్లీ మొదలయ్యే ముందు రోజు అందరూ నా వెనక చేరారు. నిర్మాతగారు, దర్శకుడు, కో-డైరెక్టర్ గారు, మా బాస్. నేను పెళ్లికూతురి ముస్తాబులో కూర్చున్నంత బిగువుగా కూర్చుని ఫైలు తెరిచాను. సీను నంబరు వచ్చింది, సరిగ్గా ఉంది. మనుషులు ఇరవై ఆరు, అదీ సరిగ్గా ఉంది. మొదటి ఆవిడ గాజులు కుడి ఎనిమిది, ఎడమ ఎనిమిది. బాగుంది. చీర రంగు ఉండాల్సిన చోట కొన్ని చదరాలు, ఒక ప్రశ్నార్థకం, పిచ్చి గీతలు. విస్తరి ఉండాల్సిన చోట కూడా గీతలే. పక్కన ఎవరో చూద్దామని నొక్కాను. మిషన్ బిగుసుకుపోయింది.

మూడు సార్లు ఆపి మూడు సార్లు తెరిచాను. అంకెలన్నీ ఉన్నాయి, మాటలన్నీ పోయాయి, ఎవరి పక్కన ఎవరో పోయింది.

భోజనాల వేళకి నాకు తెలిసిపోయింది. ఇది కొంచెం చెప్పాలి. కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపు మనం కొట్టిందంతా దాని లోపలి గదుల్లో ఉంటుంది. ఆపితే ఆ గదులు ఖాళీ అయిపోతాయి, అందుకే డిస్కు మీద దాచుకుంటాం. గాజుల లెక్క లాంటి అంకెలు నేను కట్టిన మూటలోనే ఉన్నాయి. చీర రంగూ, విస్తరి సంగతులూ, పక్క మనిషీ మాత్రం వేరే గదుల్లో ఉండి, మూటలో ఆ గది నంబరు ఒక్కటే ఉంది. నేను మూటని ఉన్నపళంగా డిస్కు మీదికి ఎత్తేశాను. అంటే వస్తువుల్ని కాదు, వాటి చిరునామాల్ని దాచాను. కృష్ణానగర్‌లో రెండు నెలలకోసారి కిరాయి గది మారే మనిషి పాత చిరునామా పట్టుకుని వెళితే ఎవరుంటారు?

ముందే ఎందుకు తెలియలేదంటే, నేను పరీక్షించినప్పుడల్లా దాచిన వెంటనే తెరిచి చూసుకున్నాను. మిషన్ ఆపలేదు కాబట్టి ఆ గదుల్లో అన్నీ అక్కడే ఉన్నాయి. చక్కగా వచ్చేవి. చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. రోజూ కొత్త ఫైలు మొదలుపెట్టడమే తప్ప, నిన్నటిది ఇవాళ తెరిచి చూడాలన్న బుద్ధి నాకు ఒక్క రోజూ పుట్టలేదు. కో-డైరెక్టర్ గారు చెప్పిన ప్రతి మాటా పోయింది. తిరిగి తెచ్చే దారి లేదు.

మా బాస్‌ని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి అంతా చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "ఎవరికీ చెప్పకు. వైరస్ అని చెప్పేద్దాం. ఇది మన తప్పని తెలిస్తే రేపటి నుంచి ఫిల్మ్‌నగర్లో మనల్ని గేటు లోపలికి రానివ్వరు" అన్నారు. ఆ రోజుల్లో ఎవరి కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా వైరసే.

లోపలికి వెళ్లి ఆయనే చెప్పారు. నిర్మాతగారు, "వైరసంటే అదెలా వస్తుందండీ?" అన్నారు.

"బయటి నుంచి వస్తుందండీ."

"బయటి నుంచి ఎవరు తెచ్చారు?"

అప్పుడు కో-డైరెక్టర్ గారు ఒకడుగు ముందుకి వేసి, చేతులు కట్టుకుని, "నా వల్లేనండీ. వాన పడ్డ రోజు నేను చెప్పులతో లోపలికి వచ్చాను. ఈ అమ్మాయి అప్పుడే చెప్పింది, వైరస్ ఎక్కుతుందని. తుడిచాను గానీ అప్పటికే ఎక్కేసినట్టుంది" అన్నారు.

నా వంక చూశారు, అవునని చెప్పమన్నట్టు. నేను నేల వంక చూశాను. అవునూ అనలేదు, కాదూ అనలేదు. కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం ఎంత పొడుగ్గా ఉందో నాకిప్పటికీ గుర్తుంది, అంత పొడుగు క్షణంలో కూడా నేను నోరు విప్పలేదు.

నిర్మాతగారు అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషివి, నీకు తెలియదా? ఈ ఒక్క సీను ఎలాగోలా పూర్తి చేసి వెళ్లిపోవయ్యా. మిగతా సినిమాకి వేరే వాణ్ణి చూసుకుంటాం" అన్నారు. కో-డైరెక్టర్ గారు "అలాగేనండీ" అన్నారు. ఆ వయసులో ఒక సినిమా నడుమ నుంచి, అదీ కంటిన్యుటీ పోగొట్టాడన్న పేరుతో బయటికి వస్తే మళ్లీ పిలిచేవాళ్లు ఉండరని అక్కడున్న అందరికీ తెలుసు.

ఫిల్మ్ చూసుకోవచ్చు కదా అంటారు మీరు. అదీ చేశారు. తీసిన రీళ్లు మద్రాసులో ల్యాబులో ఉన్నాయి. కబురు పెడితే నాలుగో రోజుకి వచ్చాయి. చూస్తే అందులో పంక్తి వీపులు కనిపించాయి. తండ్రి ముఖం తప్ప మిగతావాళ్ల ముఖాలూ విస్తళ్లూ పోల్చుకోలేనంత దూరంగా, మసకగా పడ్డాయి. స్టిల్ ఫోటోగ్రాఫర్ హీరోయిన్ తప్ప మరొకర్ని తీసే మనిషి కాదు.

ఫైలు పోయిన మర్నాడు పొద్దున జూనియర్ ఆర్టిస్టులంతా బంగళా పెరట్లో గుంపుగా నిలబడ్డారు. మా బాస్ గొప్పగా, "మా అమ్మాయి దగ్గరుండి రాసిపెడుతుంది" అని నన్ను పంపారు. పొడుగు నోటుపుస్తకం, పెన్ను ఇచ్చి! నేను షామియానా గుంజకి ఆనుకుని కూర్చున్నాను. కో-డైరెక్టర్ గారు ఖాళీ విస్తళ్ల వరస ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆయనకి పదిమంది దాకా గుర్తున్నారు. కంప్యూటర్‌కి అప్పగించేశాక మనసు వాటిని వదిలేసిందని తనే అన్నారు.

అప్పుడు గుంపులోంచి ఒకామె ముందుకొచ్చింది. నలభై ఏళ్లుంటాయి. "జర ఆగుండ్రి సార్. గింత ఫికర్ ఎందుకు? మొత్తం పంక్తి ఎవ్వలకు యాదుంటది? గాని నా పక్కన ఎవ్వలు కూసున్నరో నాకు యాదుంది. మూడు దినాలు గీ అక్క మోచెయ్యి నా డొక్కల పొడిచింది" అంది, మరొకామె చెయ్యి పట్టుకుని లాగుతూ.

"నేనెక్కడ పొడిచిన్నే?" అని రెండో ఆమె.

"పొడవలేదా? సార్, గీమెను గీడ కూసోబెట్టుండ్రి. గిప్పుడు గీమెను అడుగుండ్రి, తనకు అటుదిక్కు ఎవ్వలో చెప్తది."

అడిగారు. రెండో ఆమె తన అటు పక్కన కూర్చున్నతన్ని చూపించింది, మూడు రోజులూ నిద్రపోతూ తన భుజం మీద పడ్డాడని. అతను సిగ్గుపడి, తన పక్కన కూర్చున్న పెద్దాయన్ని చూపించాడు, అన్నం ముందు పెట్టుకుని తినొద్దంటే ఆ పెద్దాయన ఎంత బాధపడ్డాడో చెబుతూ. అలా ఒకరి నుంచి ఒకరికి, నవ్వుకుంటూ, తగువులాడుకుంటూ, పంక్తి కూర్చుంది. ఇద్దరు రాలేదు. ఒకతను గది ఖాళీ చేసి విజయవాడ వెళ్లిపోయాడట. అతని ఎడమ పక్క మనిషీ కుడి పక్క మనిషీ కలిసి అతని చొక్కా రంగు, విస్తరి, ఎత్తు అన్నీ చెప్పేశారు. అలాంటి మనిషినే వెతికి అక్కడ కూర్చోబెట్టారు. రాని రెండో మనిషి చోటూ అలాగే నింపారు.

"నా ఇస్తర్ల గారె ముట్టలే సార్, నూనె కంపు కొట్టింది," అంది మొదట ముందుకొచ్చినామె. నేను రాసుకున్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే వంచిన తల ఎత్తకుండా రాసుకున్నాను. నేను చిరునామాలు దాచి పోగొట్టిన వరసని వాళ్లు ఇట్టే తెచ్చేశారు. మద్రాసు నుంచి రీళ్లు వచ్చాక వీపులు పోల్చి చూస్తే ఒక్క చోట తప్ప అంతా సరిపోయింది.

ఫైలు పోయిన రోజు నుంచి సీను ముగిసేదాకా తొమ్మిది రోజులు పట్టింది. కో-డైరెక్టర్ గారు ఆ తొమ్మిది రోజులూ ఎప్పటిలాగే పనిచేశారు. విస్తట్లో పప్పు తనే వడ్డించి, వేలితో సగం తీసి చూసేవారు. కానీ ఎక్కడ గడప కనిపించినా చెప్పులు విడిచేసేవారు. టీ బండి దగ్గర రేకు కప్పు కిందికి వెళ్లడానికి కూడా విడిచారొకసారి. యూనిట్లో కొందరు నవ్వారు. నాతో మాత్రం, "నువ్వు ముందే చెప్పావమ్మా, నేనే వినలేదు" అని రోజుకొకసారైనా అనేవారు. నేను టీ గ్లాసు పట్టుకుని ఏదో పని ఉన్నట్టు పక్కకి తప్పుకునేదాన్ని. రోజూ బస్సులో ఇంటికి వెళుతూ, రేపు చెప్పేస్తాను అనుకునేదాన్ని. పొద్దున దిగేసరికి మా బాస్ ముఖం, మొదటి ఉద్యోగం, ఇంట్లో నాన్న నా గురించి అందరికీ చెప్పుకోవడం, అన్నీ అడ్డం వచ్చేవి. పిరికితనానికి కారణాలు వెతుక్కోవడంలో నేను ఎవరికీ తీసిపోను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చివరి షాటు అయింది. కో-డైరెక్టర్ గారు తన సంచి సర్దుకుని, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పి వస్తున్నారు. లైట్‌మెన్‌కి, మేకప్ వాళ్లకి, జూనియర్ ఆర్టిస్టులకి. వరసగా నా వైపు వస్తున్నారు. ఆయన నా దగ్గరికి వచ్చి మళ్లీ ఆ మాట అంటే భరించలేననిపించింది. లేచి, ఆయన్ని దాటుకుని, గేటు బయటికి వెళ్లి ఆటో ఎక్కి ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి పోయాను.

నిర్మాతగారి ముందు నిలబడి, "వైరస్ కాదండీ. ప్రోగ్రాంలో నేను తప్పు చేశాను. కో-డైరెక్టర్ గారి తప్పేమీ లేదు" అన్నాను.

ఆయన నవ్వారు. "మంచి పిల్లవమ్మా. పెద్దాయన మీద జాలి పడుతున్నావ్. కానీ కంప్యూటర్ తప్పు చేస్తుందేంటి?"

ఎంత చెప్పినా ఆయనది అదే మాట. మనిషి తప్పు చేస్తాడు, మిషన్ చేయదు. నాకు ఒళ్లు మండింది. ఆయన్ని ఏసీ గదిలోకి రమ్మని, ఈసారి నేను చెప్పులు వేసుకునే లోపలికి నడిచాను. ఆయన నోరు తెరిచి చూస్తూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "మీ పేరు చెప్పండి," అన్నాను. చెప్పారు. పంక్తిలో మొదటి మనిషిగా ఆయన పేరు కొట్టి, దాచి, తెరిచాను. పేరు చక్కగా వచ్చింది. "చూశావా!" అన్నారు. మిషన్ ఆపాను. పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ వేశాను. ఫైలు తెరిచాను.

ఆయన పేరు ఉండాల్సిన చోట రెండు చదరాలు, ఒక పిచ్చి గీత.

సినిమావాళ్ల సెంటిమెంటు సంగతి నాకు తెలుసు కానీ అంత ఉంటుందని తెలియదు. ఆయన ముఖం పాలిపోయింది. కుర్చీ వెనక్కి తోసి లేచి, "నా పేరు ఏమైందమ్మా? తియ్యండి, ముందు దీన్ని ఇక్కడి నుంచి తియ్యండి" అని కేక పెట్టారు. నిమ్మకాయలు తెమ్మన్నారు. మిషన్ మీద గుడ్డ కప్పించారు. గంటలో కో-డైరెక్టర్ గారికి కబురు వెళ్లింది, సినిమా అంతా ఆయనే చూసుకోవాలని, పుస్తకాలు మళ్లీ తెరవమని. మా బాస్‌కీ కబురు వెళ్లింది, ఈ గుమ్మం తొక్కొద్దని. నా ఉద్యోగం మరో పది రోజులకి ఊడింది. తర్వాత ఇంకోచోట దొరికింది. ఎక్కడ చేరినా మిషన్ ఆపి మళ్లీ వేసి చూడకుండా నేను ఎవరికీ ఏదీ పని చేస్తుందని చెప్పలేదు.

కబురు అందుకుని కో-డైరెక్టర్ గారు ఆఫీసుకి వచ్చారు. నిర్మాతగారు భుజం మీద చెయ్యి వేసి మాట్లాడి పంపారు. బయట మెట్ల మీద నేను సంచి పట్టుకుని కూర్చుని ఉన్నాను. ఆయన నా పక్కనే కూర్చున్నారు. ముఖం వెలిగిపోతోంది.

"అయితే నా వల్ల కాదన్నమాట."

"కాదండీ. మీరు చెప్పిందంతా నేను కొట్టాను. దాచడమే తప్పుగా దాచాను."

"పోన్లే అమ్మా. అందరం నేర్చుకుంటాం." ఆ వెంటనే, నోటుపుస్తకంలో రాసుకోవడానికి వివరం అడిగినంత మామూలుగా అడిగారు. "నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇవాళే అనొచ్చు. ఆయన నమ్మేవారు.

"మొదటి రోజేనండీ," అన్నాను. "మీరు చెప్పుల మాట ఎత్తకముందే."

ఆయన ముఖంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది, నేను చూస్తుండగానే. తల తిప్పి రోడ్డు వంక చూశారు. కోప్పడతారేమో అనుకున్నాను, కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"తొమ్మిది రోజులమ్మా," అన్నారు, లేచి నిలబడుతూ.